గృహయంత్ర పరిచయము: గొంతును మోయు చిన్న పెట్టె



ఇంట గూర్చుండియే కంప్యూటరు మూలమున సంగీతము నేర్పు ఉపాధ్యాయినులు నేడు మనలో పెక్కురు కలరు. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి ప్రబలి, నలుగురు కూడుట మానినది మొదలు ఈ పద్ధతి మఱింత వ్యాపించినది. వేకువనే లేచి అమెరికాలోని తెలుగు పిల్లలకు సరళీస్వరములు చెప్పువారును కలరు. మఱికొందఱు, ముదుసలి అవ్వల నోట మాత్రమే మిగిలియున్న మంగళహారతులను, లాలిపాటలను రికార్డు చేసి దాచుచున్నారు. ఈ రెండు పనులకును గొంతే మూలధనము. ఆ గొంతు అవతలివారికి గరగరలాడుచు, బావిలోనుండి వచ్చినట్లు వినబడినచో, “ఈమె పాట బాగులేదు” అందురే గాని, “ఈమె యంత్రము బాగులేదు” అని యెవ్వరు ననరు. శిష్యురాలు మానిపోవును, జీవనాధారము తగ్గును. కావున గొంతును శంకించుటకు ముందు గొంతు పోవు త్రోవను పరీక్షింపవలయును. ఆ త్రోవలో ముఖ్యమైన మజిలీ సౌండు కార్డు.

కంప్యూటరు సంఖ్యలను దప్ప వేఱొకదాని నెఱుగదు. మైకు మన గొంతును మిక్కిలి సన్నని విద్యుత్తరంగముగా మార్చును. సౌండు కార్డు ఆ తరంగమును సెకనునకు 44,100 మారులో, 48,000 మారులో కొలిచి సంఖ్యలుగా వ్రాయును. వచ్చిన సంఖ్యలను మరల ధ్వనిగా మార్చి హెడ్‌ఫోనులకు పంపునదియు నదియే. ల్యాప్‌టాపులో ఈ భాగము తక్కిన భాగములతో ఇఱుకున నుండును. వాని విద్యుత్ కలత ఒక్కొక్కప్పుడు మైకు తెచ్చిన సన్నని తరంగముతో గలిసి బుసగా వినబడును. యు.ఎస్.బి. రంధ్రమునకు దగిలించు బయటి సౌండు కార్డు ఈ కొలత పనిని పెట్టె వెలుపలికి దెచ్చును. బొటనవ్రేలంత చిన్న కార్డులు కొలది వందల రూపాయలకే దొరకును.

అయినను కొనుటకు ముందు రెండు పరీక్షలు చేయుడు. మొదటిది: ల్యాప్‌టాపునకు చార్జరు తీసివేసి బ్యాటరీ మీద నడిపి చూడుడు. హోరు ఆగినచో దోషము చార్జరుదో, ఇంటి ఎర్తు తీగదో యగును. ముందు దానిని సరిచేయించుట మేలు. రెండవది: అదే హెడ్‌సెట్టును చరవాణికి దగిలించి మాటలాడి చూడుడు. అచ్చటను గరగర యున్నచో క్రొత్త కార్డు కొన్నను ఫలము లేదు, హెడ్‌సెట్టునే మార్చవలయును. చరవాణిలో స్పష్టముగను, ల్యాప్‌టాపులో మాత్రము గరగరగను ఉన్నచో బయటి కార్డు మీకు నిజముగా నుపకరించును.

కొనునప్పుడు రంధ్రములను జూడుడు. సాధారణముగా గులాబిరంగు రంధ్రము మైకునకు, ఆకుపచ్చది హెడ్‌ఫోనులకు. చరవాణితో వచ్చు హెడ్‌సెట్టుకు ఒక్కటే పిన్ను. దానిపై మూడు నల్లని గీతలుండును. వినుటయు, పలుకుటయు ఆ యొక్క పిన్నులోనే యున్నవి. రెండు రంధ్రముల కార్డునకు దీనిని దిన్నగా దగిలించిన మైకు పలుకదు. హెడ్‌ఫోనును, మైకును వేఱుపఱచు చీలిక తీగ యొకటి కావలయును. అంగడిలో దీనిని బోలినదే మఱియొకటి యుండును. అది ఒకే పాటను ఇద్దఱు వినుటకై చేసినది. తీగ చివరల మైకు బొమ్మ యొకటి, హెడ్‌ఫోను బొమ్మ యొకటి యున్నదానినే అడిగి తీసికొనుడు.

మైకులలోను జాతులు కలవు. చెఱగునకు గ్రుచ్చుకొను చిన్న మైకులు పెక్కు ఎలెక్ట్రెట్ జాతివి. వీనిని 1962లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అనువారు కనిపెట్టిరి. వీని లోపలి చిన్న భాగమునకు కొంచెము విద్యుత్తు కావలయును. చిన్న కార్డు దానిని సాధారణముగా నిచ్చును. సభలలో చేతబట్టుకొని పాడు డైనమిక్ మైకునకు విద్యుత్తు అక్కఱలేదు గాని దాని ధ్వని మిక్కిలి సన్నము. దానిని చిన్న కార్డునకు దగిలించి బలము పెంచినచో పాటతోపాటు బుసయు బెరుగును. స్టూడియో కండెన్సరు మైకులలో పెక్కింటికి 48 వోల్టులు కావలయును. ఈ రెండింటికిని ఆడియో ఇంటర్‌ఫేసు అను పెద్ద పెట్టెయే తగును. ఇంట బాట నేర్పువారికి మంచి ఎలెక్ట్రెట్ మైకు చాలును.

కార్డును దగిలించినంత మాత్రమున పని ముగియదు. సాధారణపు చిన్న కార్డులకు వేఱు సాఫ్టువేరు అక్కఱలేదు. కంప్యూటరు తానే గుఱుతించును. అయినను సౌండు సెట్టింగులలో వినుటకును, పలుకుటకును రెండుచోట్లను ఈ కార్డు పేరునే ఎంచుకొనవలయును. పాఠము చెప్పు యాపులోను మరల ఎంచుకొనవలయును. ఏ మైకు పనిచేయుచున్నదో తెలియుటకు సులభోపాయము కలదు: మైకును గోటితో మెల్లగా తట్టుడు, పిమ్మట ల్యాప్‌టాపు అంచును తట్టుడు. రెండవ చప్పుడే గట్టిగా వినబడినచో మీరు ఇంకను పాత మైకులోనే పాడుచున్నారన్న మాట.

ఇక బలము సంగతి. మీరు పాడు పై స్థాయి స్వరమును నిండుగొంతుతో పాడుచు కొలతగీతను జూడుడు. అది సున్నకు సుమారు 12 డెసిబెళ్లు దిగువ నిలుచునట్లు చేయుడు. సున్నను దాటిన ధ్వని తల నఱికినట్లు తెగిపోవును. పొంగి పొయ్యిపాలయిన పాలను మరల గిన్నెలోని కెత్తలేము గదా. అట్లే తెగిన స్వరమును పిదప నెవ్వరును సరిగా అతుకలేరు. సన్నగా పట్టిన ధ్వనిని తరువాత కొంత పెంచుకొనవచ్చును.

సంగీతము నేర్పువారు ముఖ్యముగా దెలియవలసినది మఱియొకటి. పాఠము చెప్పు యాపులు మాటల కొఱకు చేసినవి. ఎడతెగక ఒకేతీరున మ్రోగు ధ్వనిని అవి పంకా చప్పుడుగా నెంచి తుడిచివేయును. మన తంబురాశ్రుతియు ఎడతెగక మ్రోగునదే! కావున శిష్యురాలికి శ్రుతి వినబడదు. దీర్ఘస్వరము నడుమనడుమ మాయమగును. జూమ్ యాపులో “ఒరిజినల్ సౌండు” అను ఏర్పాటు ఇందుకే కలదు. దానిని దెఱచి పాడుడు. అప్పుడు ఇరువైపుల వారును హెడ్‌ఫోనులు పెట్టుకొనవలయును. లేనిచో ప్రతిధ్వని బయలుదేఱును. తీగలేని బ్లూటూతు హెడ్‌సెట్టులో మైకును వాడునప్పుడు ధ్వని నాణ్యము సాధారణముగా తగ్గును. కావున పాఠమునకు తీగ గలదే మేలు. ఏ కార్డైనను దూరము వలని ఆలస్యమును పోగొట్టదు. గురుశిష్యులు ఏకతాళమున కలిసి పాడ జూడక, ఒకరి తరువాత నొకరు పాడుట యుక్తము.

పెద్దల పాటలు రికార్డు చేయువారు పంకా నాపి, బట్టలును పఱుపులును గల గదిలో గూర్చుండుడు. మైకు నోటికి జానెడు దూరమున, కొంచెము ప్రక్కగా నుండవలయును. అర నిమిషము రికార్డు చేసి హెడ్‌ఫోనులతో విని, పిమ్మట పాట మొదలుపెట్టింపుడు. అవ్వగారి పేరు, ఊరు, తేదీ, ఆ పాట ఏ వేడుకలోనిది యనునవి మొదటనే ఆమె నోటనే చెప్పింపుడు. వేవ్ రూపమున భద్రపఱచి రెండు వేఱువేఱు చోట్ల నుంచుడు. ఆమె గొంతు రేపును ఇట్లే యుండునను నిశ్చయము లేదు.

తుదకు చెవుల మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘమును 2019లో ఒక ప్రమాణము నేర్పఱచినవి. దాని ప్రకారము పెద్దలు వారమునకు 40 గంటలు వినుటకు 80 డెసిబెళ్లు, పిల్లలకు 75 డెసిబెళ్లు మేర. బుసను మించి వినుటకై ధ్వనిని పెంచుచు పోవువారికి చెవులే ముందు చెడును. త్రోవ శుభ్రమైనచో తక్కువ ధ్వనిలోనే స్వరము స్పష్టముగా దెలియును. ఖర్చు లేని ఆ రెండు పరీక్షలను నేటి సాయంకాలమే చేసి చూడుడు. అంగడి సంగతి పిదప నాలోచింపవచ్చును.