ఓడిన వక్తకు దక్కవలసినది

1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ ఆరంభించిన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులలో ఉపన్యాసము ముగియుటతో పని ముగియదు. వక్తకు సాధారణముగా ఐదు నుండి ఏడు నిమిషముల గడువు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపములు కాలమును హెచ్చరించును. వక్త నోట దొర్లు "ఆఁ", "ఊఁ"లను లెక్కించుటకే ఒకరుందురు. (మన సభాధ్యక్షులకు ఈ లెక్క పెట్టినచో కాగితములు చాలవు!) అన్నిటికంటె విలువైనది విమర్శకుని పాత్ర. వక్తకు అబ్బిన గుణమును, దిద్దుకొనవలసిన దోషమును అతడు రెండు మూడు నిమిషములలో అందరి యెదుటను చెప్పును. పిమ్మట అతని విమర్శయు విమర్శకు లోనగును.

మన పాఠశాలల వక్తృత్వపు పోటీలలోనో, ముగ్గురికి బహుమతులు. తక్కిన పిల్లలు తమ లోపమేమో తెలియకయే ఇండ్లకు పోవుదురు. న్యాయనిర్ణేతల మార్కుల కాగితము ఆ సాయంత్రమే చిత్తుబుట్ట చేరును. అందలి రెండు మాటలైనను ఓడిన పిల్లలకు చెప్పి పంపుటకు ఉపాధ్యాయులకు పట్టునది పది నిమిషములే.