పద్దు కుదరని భద్రత

వియన్నా నగరమునందలి హాఫ్‌బర్గ్ ప్రాసాదమున ఐరోపా భద్రతా సహకార సంస్థవారి శాశ్వత మండలి కూడుచుండును. 1975వ సంవత్సరమున హెల్సింకీలో 35 రాజ్యములు చేసికొనిన యొడంబడిక దీనికి మూలము. నేడు అమెరికా, రష్యాలతో గూడ సభ్యరాజ్యములు 57. బద్ధవైరులను ఒక్క చావడిలో కూర్చుండబెట్టుట సామాన్యమైన పని కాదు; ఆ గౌరవమును మేము తక్కువ చేయము. కాని యిందఱు గూడి ఒక యేటి ఖర్చుపద్దు వ్రాసికొనలేకుండుట కేమందుము?

2021వ సంవత్సరపు ఆయవ్యయ పట్టిక ఆ సంవత్సరము సగము గడచిన పిమ్మటగాని అంగీకరింపబడలేదు. మొత్తము సుమారు 13 కోట్ల 80 లక్షల యూరోలు. 2022, 2023, 2024 సంవత్సరములకు అదియును లేదు. పాత పట్టికను బట్టి విడతలుగా సొమ్ము విడుదల చేసికొనుచు కాలక్షేపము చేసిరి. 2022లో యూరో మండలమున ధరలు నూటికి 8 వంతులకు మించి పెరిగినవి. అంకె మాత్రము కదలలేదు. “మేము తగ్గింపలేదు గదా!” యని కొందఱి వాదము. బియ్యపు ధర పెరిగి జీతము పెరుగనిచో జీతము తగ్గినట్లేయని మా బడిలోని చిన్నతరగతి పిల్లవాడును చెప్పగలడు.

అందఱును సమ్మతింపనిదే యేదియు సాగదనుట ఆ సంస్థ నియమము. ఉక్రెయినులోని పరిశీలక బృందము రష్యా యంగీకరింపకపోవుటచే 2022 మార్చి 31తో ముగిసినది. ఆ నిరాకరణ మనుచితమే; ఐనను అది పని వలయునా వలదా యను ప్రశ్న. అందఱు నొప్పుకొనిన పనికి సొమ్ము బిగబట్టుట వేఱు. పెండ్లికి సమ్మతించి తలంబ్రాల బియ్యమునకు పేచీ పెట్టు వియ్యంకుని నెవరు మెచ్చుకొందురు?

నియమము సడలించినచో ధనిక రాజ్యములదే పెత్తనమగునని శంకింతురు. ఇప్పుడు జరుగుచున్న దేమి? 2022 నవంబరులో ఉక్రెయినున కేర్పడిన సహాయ కార్యక్రమము స్వచ్ఛంద విరాళములపై నడచుచున్నది. ఉమ్మడి పెట్టె మూతపడినచోట దాత యిష్టమే శాసనము. అందు చిన్న రాజ్యమునకు నోరెక్కడిది?

కావున ఏ పని చేయవలెనో నిర్ణయించుటకు ఏకాభిప్రాయ ముండనిండు. డిసెంబరు 31లోగా పద్దు కుదరనిచో, వెనుకటి యంకె ధరలతోపాటు తనంతట పెరుగవలెను. ఈ మార్పునకును 57 రాజ్యముల సమ్మతి కావలెనని మే మెఱుగుదుము. అందుకే అడుగవలసినది మొదట కొంచెమే. ఆక్షేపించు రాజ్యము తన కిష్టములేని పద్దును పేరుపెట్టి చెప్పవలెను. తక్కిన పద్దులు ఆనాడే సాగవలెను.