నోటరీ కాగితంపై నిలిచిన ఇల్లు

హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికిన ముస్లిం కుటుంబం ముందు నేడు రెండు దారులున్నాయి. గచ్చిబౌలి, మాదాపూర్ ప్రాంతాల్లో జీతంలో పెద్ద భాగాన్ని అద్దెకే ధారపోయటం ఒకటి. షాహీన్ నగర్, పహాడీ షరీఫ్, జల్‌పల్లి వైపు వెళ్లి చవకగా సొంత గూడు కట్టుకోవటం మరొకటి. సలహాలిచ్చేవారు దీన్ని ఆదాయ వ్యయాల లెక్కగానే చూస్తారు. ఆ లెక్కలోకి రాని విషయాలు రెండున్నాయని మేము భావిస్తున్నాం.

ఖరీదైన వైపు తలుపు డబ్బుతోనే తెరుచుకోదు. ఇల్లు ఖాళీగా ఉందని ఫోనులో చెప్పిన యజమాని, పేరు వినగానే 'ఇప్పుడే ఇచ్చేశాం' అనటం మన పాఠకుల్లో ఎందరికో అనుభవమే. ఇల్లు కొనటంలో, అద్దెకు తీసుకోవటంలో ముస్లింలకు ఎదురవుతున్న ఇబ్బందిని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక కూడా ప్రస్తావించింది. రాజ్యాంగంలోని 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావుల విషయంలో వివక్షను నిషేధించింది గాని అద్దె ఇళ్లను పేర్కొనలేదు. ఆ లోటును పూడ్చే చట్టం కోసం గట్టిగా అడగవలసే ఉంది.

రెండవ విషయం గురించి మనలో మనం మాట్లాడుకునేది తక్కువ. వడ్డీ హరామ్ గనుక మనలో చాలామంది బ్యాంకు రుణం జోలికి పోరు. ఆ నిష్ఠను మేము గౌరవిస్తాం. అయితే గృహరుణం ఇచ్చే ముందు బ్యాంకు న్యాయవాది చేత లింకు డాక్యుమెంట్లు, ఈసీ, లేఅవుట్ అనుమతి పరిశీలింపజేస్తుంది. తన డబ్బు కోసమే ఆ జాగ్రత్త పడినా కొనేవారికీ అది రక్షణే. చిట్టీ ఎత్తిన డబ్బు, గల్ఫ్ నుంచి పంపిన డబ్బు, భార్య నగలు అమ్మిన డబ్బు కూడదీసి కొనే కుటుంబానికి ఆ పరిశీలన లేదు. అరవై గజాల ముక్కకు ఒక నోటరీ కాగితం చేతిలో పెడతారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థల విక్రయం రిజిస్టరు కావాలి. కాగితంపై సంతకం చేసింది ఫలానావారేనని నోటరీ ధ్రువీకరించగలడు. ఆ స్థలం అమ్మే హక్కు వారికి ఉన్నదో లేదో చెప్పలేడు. అది వక్ఫ్ భూమి కావచ్చు, చెరువు శిఖం కావచ్చు. అమ్మిన దళారీ చాలాసార్లు సలాం చెప్పి ఇంటికి వచ్చిన మనవాడే కావటం మరింత బాధాకరం.

2020 అక్టోబరు వానలకు గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ మునిగింది. జల్‌పల్లి దగ్గరి ఉస్మాన్ నగర్‌లో నీరు నెలల తరబడి కదలలేదు. 2024లో హైడ్రా ఏర్పడ్డాక చెరువుల చుట్టూ ఉన్నవారికి కూల్చివేత భయం తోడైంది. నష్టపరిహారం అడగటానికైనా చేతిలో సరైన పత్రం ఉండాలి కదా.

అయినా జనం అటే వెళుతున్నారంటే అమాయకత్వం వల్ల కాదు. మసీదు, మదర్సా, అర్ధరాత్రి పిలిస్తే పలికే పొరుగు అక్కడ ఉన్నాయి. లేనిది ప్రయాణ సౌకర్యం. పాతబస్తీ వైపు మెట్రో 2020లో ఎంజీబీఎస్ వరకే వచ్చి ఆగింది. పాతబస్తీ మార్గానికి శంకుస్థాపన జరిగింది 2024లో. చవక ఇంటి మిగులులో కొంత రోజూ ఆటోకూ పెట్రోలుకూ పోతూనే ఉంటుంది.

పత్రాలు తేలని సొంత స్థలం కంటే అద్దె ఇల్లే మేలని మేము నిస్సంకోచంగా చెబుతాం. ఉపాధి దొరికితే నిజామాబాద్, కర్నూలు వంటి పట్టణాలనూ ఆలోచించవచ్చు. బ్యాంకు చేసే పరిశీలనను మన మసీదు కమిటీలే చేపట్టాలి. నెలకు ఒక శుక్రవారం, జుమా నమాజు తరువాత, ఒక న్యాయవాదిని, ఒక రిటైర్డ్ సర్వేయరును కూర్చోబెట్టడం పెద్ద ఖర్చు కాదు. బయానా ఇవ్వకముందే ఈసీ, 22-ఎ నిషేధిత జాబితా, వక్ఫ్ గెజెట్, చెరువు ఎఫ్‌టీఎల్ పటం వారు చూసిపెట్టాలి.