గాజుపాత్రల గానము

వాద్యములకును ఆయుర్దాయము కలదు. కొన్ని వేలయేండ్లు బ్రదుకును. కొన్ని ఒక తరములో పుట్టి, మరుతరములో కీర్తి గడించి, మూడవ తరమునాటికి మరపున పడును. ఒక వాద్యము ఏల మూగవోయినదని విచారించువారు అరుదు. ఎవరో ఒకరు ఒక కారణము చెప్పుదురు. పదిమంది దానిని వల్లింతురు. నూరేండ్లు గడచుసరికి అది చరిత్రగా చెలామణి అగును. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతములో గ్లాస్ హార్మోనికా అను గాజువాద్యమునకు పట్టిన గతి ఇట్టిదే. అది వినువారికిని వాయించువారికిని మతి చలింపజేయునని ఒక అపకీర్తి పుట్టెను. ఆ అపకీర్తి న్యాయమైనదా? ఈ ప్రశ్న సంగీత విద్వాంసులకు మాత్రమే సంబంధించినది కాదు. విన్నదానిని ఎట్లు పరీక్షించి నమ్మవలెనో పిల్లలకు నేర్పవలసిన ఉపాధ్యాయులకును ఇందులో పాలు కలదు.

పేరును బట్టి ఇది మన నాటక సమాజములవారి హార్మోనియము వంటిదని భ్రమపడరాదు. నోటితో ఊదు హార్మోనికాయు కాదు. తడివ్రేలితో గాజుపాత్ర అంచును మెల్లగా రాచినప్పుడు పాత్ర కంపించి ఒక స్వరము పలుకును. వ్రేలు గాజును క్షణకాలము పట్టుకొని, వెంటనే జారి, మరల పట్టుకొనును. ఈ పట్టువిడుపులు సెకనుకు వందలసార్లు జరుగును. వయొలిన్ తీగపై కమాను చేయు పనియు ఇదియే. భరతుడు వాద్యములను తతము, అవనద్ధము, ఘనము, సుషిరము అని నాలుగు తెగలుగా విభజించెను. తీగయు, తోలును, గాలియు లేక, తన కాయమే మ్రోగునది గనుక గాజువాద్యము ఘనవాద్యముల కోవకు చేరును. కాని తక్కిన ఘనవాద్యములలో పెక్కింటిని కొట్టి మ్రోగింపవలెను. కొట్టిన ధ్వని వెంటనే సన్నగిల్లును. దీనినో రాచి పలికింతురు. వ్రేలు ఆనియున్నంతసేపు స్వరము నిలిచియుండును. దీని మహిమ అంతయు అందులోనే ఉన్నది.

గాజు అంచు పాడునను సంగతి యూరపులో చిరకాలముగా తెలిసినదే. 1638లో ప్రకటితమైన గ్రంథములో గెలీలియో దీనిని ప్రస్తావించెను. పదునెనిమిదవ శతాబ్దములో రిచర్డ్ పాక్రిచ్ అను ఐర్లండు దేశీయుడు వరుసగా గ్లాసులు అమర్చి, వానిలో తగుపాళ్ళలో నీరు పోసి శ్రుతి కుదిర్చి కచేరీలు చేసెను. అతడు 1759లో లండనులో అగ్నిప్రమాదమున మరణించెను. అతని వాద్యమును ఆ మంటలలోనే పోయెను. తరువాతి కాలమున సంగీత నాటకములతో విఖ్యాతుడైన గ్లుక్ కూడ 1746లో లండనులో ఇరువదియారు గ్లాసులపై కచేరీ చేసెను.

ఈ గ్లాసుల గానమును విని ముగ్ధుడైనవారిలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒకడు. మెరుపునకును విద్యుత్తునకును గల సంబంధమును నిరూపించిన ఫ్రాంక్లినే ఇతడు. ఇంగ్లండులో ఎడ్వర్డ్ డెలవాల్ గ్లాసులు వాయింపగా విని అతడు ఆనందించెను, అంతటితో ఊరకుండలేదు. బల్లపై పరచిన గ్లాసులు చేతికి దూరదూరముగా ఉండును. ఒక్కసారి పలు స్వరములు పలికించుట కష్టము. నీటితో కుదిర్చిన శ్రుతి నీరు తరిగినకొలది మారును. ఈ లోపములను పోగొట్టవలెనని తలచి 1761లో క్రొత్త వాద్యమును కల్పించెను. కాడలు లేని అర్ధగోళాకారపు గాజుగిన్నెలను, నడుమ రంధ్రము చేసి, పెద్దదానినుండి చిన్నదానివరకు ఒకదానిలో ఒకటి ఇమిడియుండునట్లు ఒకే ఇనుప కదురునకు గ్రుచ్చెను. కాలితో తొక్కుచుండ కదురు తిరుగును. తిరుగు గిన్నెల అంచులపై తడివ్రేళ్ళు ఆనించిన చాలును. శ్రుతికి నీటి అవసరము లేదు. ఒక్కొక్క గిన్నెను అరగదీసి స్వరము కుదిర్చిరి.

1762లో ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు బెక్కారియాకు వ్రాసిన లేఖలో ఫ్రాంక్లిన్ ఈ నిర్మాణమును పూసగ్రుచ్చినట్లు వర్ణించెను. గిన్నెలు 37, మూడు స్థాయిలును, వాని అర్ధస్వరములును పలుకును. పెద్ద గిన్నె అడ్డుకొలత తొమ్మిది అంగుళములు, చిన్నదానిది మూడంగుళములు. ఏ గిన్నె ఏ స్వరమో కంటికి తెలియుటకై సప్తస్వరములకు ఇంద్రధనుస్సులోని ఏడు రంగులను, అర్ధస్వరములకు తెలుపును పూయించెను. సంగీతమునకు అనువైన ఇటలీ భాషను గౌరవించి దానికి ఆర్మోనికా అని పేరిడెను. బాల్యములో రెండేండ్లు మాత్రమే బడికి పోయి, అచ్చుపని నేర్చి బ్రదికిన మనుజుడు చేసిన పని ఇది. శాస్త్రము వేరు, కళ వేరు, చేతిపని వేరు అని అతనికి ఎవరును చెప్పియుండలేదు కాబోలు!

వాద్యము త్వరలోనే యూరపు అంతట వ్యాపించెను. మేరియన్ డేవిస్ అను ఆంగ్లవనిత 1762 నుండియే దీనిపై కచేరీలు చేసి, గాయనియైన తన చెల్లెలు సిసీలియాతో దేశదేశములు తిరిగెను. ఆ అక్కచెల్లెండ్ర కొరకు 1769లో మెటస్టాసియో సాహిత్యము వ్రాయగా హాస్సె సంగీతము కూర్చెను. అయినను ఈ వాద్యమునకు శాశ్వతమైన కీర్తి తెచ్చినది మరియొక స్త్రీ. మరియానె కిర్చ్‌గెస్నర్ పసితనమున మశూచి సోకి చూపు కోల్పోయెను. గిన్నెల రంగులు ఆమెకు కనబడవు. వ్రేళ్ళకొనలే ఆమెకు కన్నులు. ఆమె వాదనమును విని మోట్సార్ట్ 1791లో హార్మోనికా, ఫ్లూట్, ఓబో, వియోలా, చెల్లో అను అయిదు వాద్యములకు ఒక కృతిని, హార్మోనికాకు మాత్రమే మరియొక చిన్న కృతిని రచించెను. అదే సంవత్సరము డిసెంబరులో, ముప్పదియైదేండ్ల వయస్సున, మోట్సార్ట్ మరణించెను. జీవితపు చివరి నెలలలో ఆ మహానుభావుడు పనిగట్టుకొని రచన చేసిన వాద్యము కేవలము వింతవస్తువు కాజాలదు. బేతోవెన్ సైతము 1815లో ఒక నాటకమునకు కూర్చిన సంగీతములో దీనికి చోటిచ్చెను.

ఇంతటి వాద్యమునకు అపకీర్తి ఎట్లు వచ్చెను? దాని నాదము ఏ దిక్కునుండి వచ్చుచున్నదో చెవి తేల్చుకొనలేదు. మీటు గాని, దెబ్బ గాని వినబడకయే స్వరము పుట్టును, పెరుగును, లీనమగును. ఇది కొందరికి దివ్యగానముగను, కొందరికి ప్రేతగానముగను తోచెను. పైగా మెస్మర్ అను వైద్యుడు మనుష్యులలో జంతు అయస్కాంత శక్తి ప్రవహించుచున్నదని చెప్పి, తన చికిత్సలో రోగుల మనస్సును లొంగదీయుటకు ఈ వాద్యమునే వాయించెడివాడు. ఆ చికిత్స పొందినవారు మూర్ఛలు పోయెడివారు. 1798లో జర్మనీ దేశపు ఒక సంగీత పత్రికలో రోఖ్‌లిట్స్ అను విమర్శకుడు నరముల బలహీనత గలవారు ఈ వాద్యము జోలికి పోరాదని హెచ్చరించెను. మేరియన్ డేవిస్ అనారోగ్యము పాలయ్యెను. కిర్చ్‌గెస్నర్ 1808లో చనిపోయెను. ఈ రెండింటికిని వాద్యమే కారణమని లోకము చెప్పుకొనెను.

ఇక్కడ చరిత్ర మనకొక చక్కని పాఠమును సిద్ధము చేసియుంచినది. 1784లో ఫ్రాన్సు రాజు పదునారవ లూయీ మెస్మర్ సిద్ధాంతమును విచారించుటకు ఒక సంఘమును నియమించెను. అందులో రసాయనశాస్త్రజ్ఞుడు లవోయిజియె, ఖగోళశాస్త్రజ్ఞుడు బాయీలతోపాటు ఫ్రాంక్లిన్ కూడ సభ్యుడు. అప్పుడతని వయస్సు డెబ్బదియెనిమిది ఏండ్లు. ఒక పరీక్ష అతని తోటలోనే జరిగెను. మెస్మర్ శిష్యుడు ఒక చెట్టులో ఆ శక్తిని నింపితినని చెప్పెను. పండ్రెండేండ్ల బాలుని కన్నులకు గంతలు కట్టి చెట్టుచెట్టునకు నడిపించిరి. ఆ బాలుడు శక్తి నింపిన చెట్టును చేరకమునుపే, వేరొక చెట్టుక్రింద, మూర్ఛపోయెను. మూర్ఛ నిజమే, కారణము మాత్రము చెట్టు కాదు. మూర్ఛ వచ్చునని అతడు ఎదురుచూచుటయే కారణము. సంఘమువారు తేల్చిన సత్యము ఇదియే.

ఈ కొలబద్దనే గాజువాద్యమునకు ఏల పట్టరాదు? రోగులచే నిండిన గదిలో, వెలుతురు తగ్గించి, మూర్ఛ వచ్చునని ముందే నమ్మించి వాద్యము వాయించిన, వచ్చిన మూర్ఛ వాద్యమువలన వచ్చినదనుట ఎట్లు? వాయించినవారిలో ఇద్దరు వ్యాధిగ్రస్తులైరందురు. వాయించియు ఆరోగ్యముతో ఉన్నవారిని ఎవరు లెక్కించిరి? వాద్యమును కల్పించిన ఫ్రాంక్లినే అందరికంటె ముందు దానిని వాయించెను. అతడు ఆ తరువాత ఇంచుమించు మూడు దశాబ్దములు జీవించి, ఎనుబదియొకటవ ఏట అమెరికా రాజ్యాంగ నిర్మాణ సభలో కూర్చుండి, ఎనుబదినాలుగవ ఏట, 1790లో, మరణించెను. అతని మతి చలించినదని శత్రువులైనను అనలేదు.

మన కాలమువారు కూడ ఈ కథకు క్రొత్త తొడుగు తొడిగిరి. గాజులోని సీసము వ్రేళ్ళద్వారా ఒంటికెక్కి పిచ్చి పుట్టించెనని కొందరందురు. సీసము విషమనుట నిజమే. కాని ఆనాడు సీసము గొట్టములలోను, గిన్నెల పూతలలోను, రంగులలోను, పానీయములలోను ఉండెను. వాద్యము ముట్టనివారి ఒంటిలోనికిని అది చేరుచుండెను. ఇట్టిచోట వాద్యమునొక్కదానినే దోషిగా నిలుపుటకు ఆధారము లేదు. శాస్త్రపు మాటలలో చెప్పినంతమాత్రమున పుకారు శాస్త్రము కాజాలదు.

మరి వాద్యము ఏల మూగవోయెను? కారణములు సామాన్యమైనవి; కావుననే కథలకెక్కలేదు. పందొమ్మిదవ శతాబ్దములో సంగీతము రాజుల చావడులనుండి పెద్ద పెద్ద సభాభవనములకు తరలెను. వాద్యబృందములు పెరిగెను. ఆ హోరులో గాజుస్వరము వినబడలేదు. గిన్నెలు పగిలిన మరల అదే శ్రుతి గలవి దొరకుట దుర్లభము, ప్రయాణములు బండ్లపైననాయె! పియానో బలముగను, వేగముగను పలుకుచు ఇంటింటికి చేరెను. పిచ్చి పుట్టించు వాద్యమన్న మాట ఈ పతనమును త్వరపరచియుండవచ్చును. అది ఒక్కటే పడగొట్టలేదు.

ఒక వాద్యము పోయిన, దానితో ఏమి పోవునో తెలియుటకు ఒక్క ఉదాహరణము చాలును. దొనిజెట్టి 1835లో నేపుల్సు నగరమున ప్రదర్శించిన సంగీత నాటకము లూచియా దీ లామ్మెర్మూర్. ఇష్టములేని పెండ్లికి బలియై మతి తప్పిన నాయిక, పెండ్లినాటి రాత్రి వరుని పొడిచి, నెత్తుటి వస్త్రములతో వచ్చి పాడు ఘట్టము అందు సుప్రసిద్ధము. ఆమె గానమునకు తోడుగా దొనిజెట్టి మొదట గాజు హార్మోనికానే వ్రాసెను. వాదకునికిని నాటకశాలకును తగవు వచ్చుటచే ఆ భాగమును కొట్టివేసి ఫ్లూటునకు మార్చెను. నూటయేబది సంవత్సరములు లోకము ఫ్లూటునే విని అదియే కవిహృదయమనుకొనెను. ఫ్లూటు మధురమే. అయినను అది నాయికతో పోటీపడి పాడు మరియొక పక్షివలె ఉండును. గాజుస్వరమో ఎక్కడినుండి వచ్చునో తెలియదు. ఆమె తలలోనే పుట్టిన ధ్వనివలె వినబడును. మొదటి ఊహలోని కరుణరసము వేరు.

సంతోషింపదగిన విషయమేమనగా ఈ వాద్యము పూర్తిగా చావలేదు. 1919లో రిచర్డ్ స్ట్రాస్ తన సంగీత నాటకములో దీనిని వాడెను. 1980 తరువాత అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రములో ఫింకెన్‌బైనర్ అను జర్మను గాజుపనివాడు సీసము లేని స్వచ్ఛమైన క్వార్ట్‌జు గాజుతో గిన్నెలు ఊది ఈ వాద్యమును పునరుద్ధరించెను. 2007లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఆపెరా లూచియా ప్రదర్శనమున దొనిజెట్టి తొలుత తలచిన నాదమును వినిపించెను. వాద్యము బ్రదుకుటకు చేయువాడు, వాయించువాడు, రచించువాడు, వినువాడు అను నలుగురు కావలెను. వీరిలో మొదటివాడైన గాజుపనివాని పేరు సంగీత చరిత్రలో ఎన్నడును ముందువరుసకు రాదు. అతడు లేనిదే తక్కిన ముగ్గురికిని పని లేదు.

పింగాణి గిన్నెలలో నీరు నింపి కఱ్ఱలతో మీటు జలతరంగము మనకు పరిచితమే. నీరు పెరిగినకొలది ఆ గిన్నె స్వరము తగ్గును. పలుచని గాజుగ్లాసులోను ఇట్లే జరుగును. కొట్టినను, తడివ్రేలితో రాచినను గ్లాసే కంపించును గనుక. అదే నీటిని సీసాలో పోసి మూతిపై ఊదిన, నీరు పెరిగినకొలది స్వరము హెచ్చును. అక్కడ కంపించునది సీసా కాదు, లోని గాలి. ఒకే నీరు ఒకచోట స్వరమును దించుటయు, ఒకచోట ఎత్తుటయు చూచి బాలురు ఆశ్చర్యపడక మానరు. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. అంచు పగులని ఒక గ్లాసు, ఒక సీసా, చెంబెడు నీరు చాలును. వ్రేలికి జిడ్డు లేకుండ కడుగుకొనవలెనన్నది ఒక్కటే నియమము.

ఉపాధ్యాయులు ఈ ప్రయోగము చేయించినప్పుడు పిల్లలచే ముందుగా ఊహ చెప్పించి, తరువాత చేయించి, ఊహ తప్పిన ఏల తప్పెనో వారిచేతనే చెప్పింపవలెనని మా మనవి. పాసీ తోటలో గంతలు కట్టించుకొన్న బాలునివలె కాక, కన్నులు తెరచి కారణము వెదకు బాలుడు రేపు ఏ పుకారునకును సులభముగా లొంగడు. అంత పాఠము నేర్పిన పిదప, ఆ గ్లాసు అంచున పలికిన స్వరమును ఒక నిమిషము వారిని ఊరక విననిండు. పరీక్ష సత్యమునకు ఎంత అవసరమో, వినుట సంగీతమునకు అంత అవసరము.