వెలుగు కోసం నిరీక్షణ

కంటికి ఇంపైన ప్రతి దృశ్యమూ ఛాయాచిత్రంలో ఇంపుగా ఉండదు. కొండ ఎదుట నిలిచినవానికి దాని ఎత్తు, చల్లగాలి, ఏటి సవ్వడి అన్నీ కలిసి ఆనందాన్నిస్తాయి. చిత్రంలో మిగిలేవి రేఖలు, రంగులు, వెలుగునీడలు మాత్రమే. ఆ కొద్దిపాటి సామగ్రితోనే ఆ ఆనందాన్ని తిరిగి కలిగించాలి. అందుకు ఖరీదైన కెమెరా కంటె వివేకంతో కూడిన ఎంపిక, ఓర్పు ముఖ్యం.

సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నీడలు కుంచించుకుపోయి మిట్టపల్లాలు చదునుగా కనిపిస్తాయి. ఉదయ సాయంకాలాలలో కిరణాలు వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి. నీలికాంతి దారిలోనే చెదరిపోగా ఎరుపు, పసుపు ఛాయలు మిగులుతాయి. ఏటవాలు వెలుగు ప్రతి రాతికీ నీడనిచ్చి లోతును తెలుపుతుంది. మబ్బు పట్టిన వేళ కూడా వ్యర్థం కాదు. అడవులకు, జలపాతాలకు ఆ మెత్తని వెలుగే మేలు.

వెలుగు తరువాత చెప్పదగినది కూర్పు. కూర్పు అంటే అన్నింటినీ చేర్చడం కాదు, అనవసరమైనవాటిని విడిచిపెట్టడం. కడప జిల్లా గండికోటలో ఎర్రమల కొండలను చీల్చుకొని పారే పెన్నానదిని చిత్రించేవారు కోట, లోయ, ఆకాశం మొత్తం ఒకే చిత్రంలో ఇరికించాలని చూస్తారు. అప్పుడు దేనికీ ప్రాధాన్యం దక్కదు. అంచున ఒక బండను ముందు నిలిపి, నది వంపు వెంట చూపును లోపలికి నడిపిస్తే లోయ లోతు అనుభవానికి వస్తుంది. ఆకాశంలో విశేషమేమీ లేకపోతే దానికి మూడవవంతు చోటు కూడా ఎక్కువే.

అమెరికా ఛాయాచిత్రకారుడు యాన్సెల్ ఆడమ్స్ (1902–1984) జీవితంలోని ఒక సంఘటన ఇందుకు నిదర్శనం. 1927లో ఆయన కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ అనే మహాశిలను చిత్రించడానికి కొండ ఎక్కారు. శిల నీడలో ఉండడంతో దానిపై ఎండ పడేవరకు వేచి ఉన్నారు. అది తెల్లవారుజాము కాదు, మధ్యాహ్నం దాటిన సమయం. గడియారం చూపే వేళ కంటె వెలుగు పడే దిక్కే ప్రధానమని దీనివల్ల తెలుస్తుంది. అప్పటికి రెండు గాజు పలకలే మిగిలాయి. ఒకదానిని పసుపు వడపోతతో వాడారు. మనసులో కదిలిన గాంభీర్యం అందులో రాదని గ్రహించి, చివరిదానికి ముదురు ఎరుపు వడపోతను అమర్చారు. ఆకాశం నల్లబడి, శిల ఉజ్జ్వలంగా నిలిచింది.

నేటి సెల్‌ఫోన్‌కు పలకల కొరత లేదు. రంగులను తరువాత దిద్దుకోవచ్చని కొందరు వాదిస్తారు. దిద్దడం దోషం కాదు. ఆడమ్స్ కూడా చీకటిగదిలో వెలుగునీడలను సవరించేవారు. కాని ఆనాడు పడని వెలుగును, లేని మేఘాన్ని అతికిస్తే ఆ చిత్రం ఆ చోటికి సాక్ష్యంగా నిలవదు. కొండలు తరిగిపోతున్న, చెరువులు పూడిపోతున్న కాలంలో అట్టి సాక్ష్యం విలువ చిన్నది కాదు.

నూరు చిత్రాలు తీసి ఒక్క చోటునూ చూడకుండా వెళ్ళిపోవడం కంటె, ఒక్క చోట నిలిచి వెలుగు మారే తీరును గమనించడం యువతకు మేలు. చూడడం నేర్చినవానికే చూపించడం అలవడుతుంది.