ఫోన్‌కి స్పెక్ షీట్ ఉంది, మరి ఫ్లాట్‌కి?

ముప్పై వేల ఫోన్ కొనాలంటే మనం ఎంత హడావిడి చేస్తాం! చిప్‌సెట్ ఏది, ర్యామ్ ఎంత, అప్‌డేట్స్ ఎన్నేళ్లు ఇస్తారు, డిస్‌ప్లే పగిలితే ఎంతవుద్ది... అన్నీ చూస్తాం. అదే ఇరవై ఏళ్లు ఈఎంఐ కట్టే ఫ్లాట్ విషయానికొస్తే? ఒక బ్రోచర్, ఒక ఫ్లోర్ ప్లాన్ జిరాక్స్, చివర్లో తాళం చెవి. అంతే. గోడలో వైరు ఎటు పోతోందో, బాత్రూమ్ పైపు ఎక్కడ మలుపు తిరిగిందో ఎవరికీ తెలీదు. టీవీ బిగించడానికి డ్రిల్లింగ్ మెషిన్ ఆన్ చేసే ముందు దేవుణ్ని తలుచుకోవడమే.

ఈ సమాచారాన్ని దాచిపెట్టే టెక్నాలజీ లేక కాదు. బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్, షార్ట్‌గా 'బిమ్', ఎప్పటినుంచో ఉంది. నా వాదన ఒక్కటే: బిమ్ బిల్డర్ ఆఫీసులోనే ఆగిపోతే జరిగింది సగం పనే. ఆ మోడల్ ఇల్లు కొన్నవాళ్ల చేతికి రావాలి. అదీ ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే ఫార్మాట్‌లో రావాలి.

ఇది త్రీడీ బొమ్మ కాదు

బిమ్ అంటే అందమైన త్రీడీ వాక్‌త్రూ అనుకుంటారు చాలామంది. కాదు. మామూలు 2డీ డ్రాయింగ్‌లో గోడ అంటే రెండు గీతలు. బిమ్ మోడల్‌లో గోడ ఒక ఆబ్జెక్ట్. మందం, మెటీరియల్, ఎంతసేపు మంటను ఆపగలదు, ఇవన్నీ దాని ప్రాపర్టీలు. కోడ్ రాసేవాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే డ్రాయింగ్ ఒక స్క్రీన్‌షాట్, బిమ్ ఒక డేటాబేస్. ఒక తలుపు సైజు మారిస్తే ప్లాన్‌లో, ఎలివేషన్‌లో, మెటీరియల్ లెక్కలో అన్నిచోట్లా మారిపోతుంది.

అసలు మజా క్లాష్ డిటెక్షన్‌లో ఉంది. ఆర్కిటెక్ట్ మోడల్, స్ట్రక్చర్ మోడల్, కరెంటు-ప్లంబింగ్-ఏసీ మోడల్ మూడింటినీ నేవిస్‌వర్క్స్ లాంటి టూల్‌లో కలిపితే, ఏసీ డక్ట్ బీమ్‌ని ఎక్కడ గుద్దుకుంటోందో లిస్ట్ ఇస్తుంది. అచ్చం కంపైల్ ఎర్రర్ లాగే. స్క్రీన్ మీద దొరికితే మౌస్‌తో అయిపోయే పని. శ్లాబ్ పోసేశాక దొరికితే కోర్ కటింగ్ మెషిన్ తేవాలి, ఆ కోతలో ఒక్కోసారి లోపలి ఇనుప చువ్వ కూడా తెగుద్ది. ప్రొడక్షన్‌లో బగ్ అన్నమాట. కానీ ఇక్కడ రోల్‌బ్యాక్ ఉండదు.

అడిగితేనే వచ్చింది

బ్రిటన్ ప్రభుత్వం 2011లోనే చెప్పి, 2016 ఏప్రిల్ నుంచి కేంద్రం డబ్బుతో కట్టే ప్రాజెక్టులకి బిమ్ తప్పనిసరి చేసింది. సింగపూర్ 2015 నాటికి 5,000 చదరపు మీటర్లు దాటిన కొత్త ప్రాజెక్టుల ప్లాన్లు బిమ్‌లోనే సబ్మిట్ చేయమంది.

అంతకంటే పెద్ద పాఠం లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్‌ది. 2017 జూన్‌లో అక్కడ మంటల్లో 72 మంది చనిపోయారు. ఆ తర్వాత ప్రభుత్వం వేయించిన సమీక్ష, భవనం ఎలా కట్టారు, తర్వాత ఏం మార్చారు అనే సమాచారం ఆ భవనం ఉన్నంతకాలం డిజిటల్‌గా ఉండాలంది. దానికి 'గోల్డెన్ థ్రెడ్' అని పేరు. 2022 బిల్డింగ్ సేఫ్టీ చట్టంతో అక్కడి ఎత్తైన నివాస భవనాలకి అది చట్టపరమైన బాధ్యత అయింది. అంటే విషయం బిల్డర్‌కి మిగిలే డబ్బుతో ఆగిపోదు, లోపల పడుకునేవాళ్ల ప్రాణాల దాకా వెళ్తుంది.

మన దగ్గర ఏం అడ్డం?

స్కిల్ మాత్రం అడ్డం కాదు. నాగ్‌పూర్ మెట్రో 5డీ బిమ్‌తో కట్టారు. 5డీ అంటే త్రీడీ మోడల్‌కి టైమ్, ఖర్చు జోడించడం. ఇక హైదరాబాద్‌లో విదేశీ ప్రాజెక్టులకి బిమ్ మోడల్స్ చేసిపెట్టే ఆఫీసులు బోలెడు. ఎక్కడో అమెరికాలో హాస్పిటల్‌కి ప్రతి పైపూ ఇక్కడ కూర్చుని మోడల్ చేసే కుర్రాడు, సాయంత్రం ఏ మోడలూ లేని అపార్ట్‌మెంట్‌కి వెళ్లి పడుకుంటాడు. చేసేవాళ్లున్నారు, అడిగేవాళ్లే లేరు.

ఖర్చు మాటేంటి అంటారు బిల్డర్లు. న్యాయమైన ప్రశ్నే. సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్లు, మంచి గ్రాఫిక్ కార్డున్న మెషిన్లు, నేర్చుకున్న మనుషులు, అన్నీ డబ్బే. ఐదంతస్తులు కట్టే చిన్న బిల్డర్ మీద ఇదంతా ఒకేసారి రుద్దకూడదు. పైగా మోడల్ ఒకలా ఉండి, సైట్‌లో మేస్త్రి ఇంకోలా కడితే, ఆ మోడల్ ఉండీ దండగ. కాబట్టి పెద్ద గేటెడ్ కమ్యూనిటీలు, హైరైజ్‌లతో మొదలుపెట్టాలి. డిజైన్ మోడల్ కాదు, కట్టింది కట్టినట్టు అప్‌డేట్ చేసిన మోడల్ అడగాలి.

ఫార్మాట్ ఎందుకంత ముఖ్యం? ఈ రంగంలో ఎక్కువగా వాడే రెవిట్‌నే చూడండి. విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైల్ పాత వెర్షన్‌లో తెరుచుకోదు. యాభై ఏళ్లు నిలవాల్సిన బిల్డింగ్ వివరాలు ఒక కంపెనీ లైసెన్స్‌కి కట్టేస్తామా? ఐఎఫ్‌సీ అనే ఓపెన్ ఫార్మాట్ ఉంది, ఐఎస్‌ఓ 16739 స్టాండర్డ్ అదే. బ్లెండర్‌లో బాన్‌సాయ్ అనే ఉచిత యాడ్-ఆన్ వేసుకున్నా తెరుచుకుంటుంది. రెవిట్ నుంచి ఐఎఫ్‌సీకి మారిస్తే ఎడిటింగ్ సౌకర్యాలు కొన్ని పోతాయి, నిజమే. కానీ అసోసియేషన్‌కి కావాల్సింది ఎడిటింగ్ కాదు, పైపు ఎక్కడుందో తెలియడం.

కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు కూడా. 2016 రెరా చట్టం 17వ సెక్షన్ ప్రకారం అవసరమైన డాక్యుమెంట్లు, ప్లాన్లు ఓనర్ల అసోసియేషన్‌కి బిల్డర్ అప్పగించాలి. పెద్ద ప్రాజెక్టులకి ఆ 'ప్లాన్లు' అన్నచోట ఐఎఫ్‌సీ మోడల్ కూడా ఉండాలని రాష్ట్రాలు రూల్ పెట్టాలి. స్ట్రక్చర్‌లో లోపాలకి అదే చట్టం ఐదేళ్ల బాధ్యత పెట్టింది. గొడవ వచ్చినప్పుడు ఏం కట్టాలనుకున్నారు, ఏం కట్టారు అని చూపించడానికి మోడల్‌కి మించిన ఆధారం ఏముంటుంది?

అప్పటిదాకా

ఐఫోన్ ప్రోలోని లైడార్‌తో గది స్కాన్ చేస్తే సరిపోదా అనొచ్చు. గోడ పైభాగం వస్తుంది, లోపలున్నది రాదు. అందుకే ఇంట్లో ఎవరైనా ఇల్లు కట్టిస్తుంటే, ప్లాస్టరింగ్‌కి ముందు టేపు పట్టుకుని ప్రతి గోడకీ వీడియో తీయండి. ఫ్లాట్ కొంటుంటే, కార్ పార్కింగ్ గురించి అడిగే నోటితోనే 'యాజ్-బిల్ట్ మోడల్ ఇస్తారా?' అని అడగండి. సేల్స్ వాళ్లు తెల్లమొహం వేస్తారు. పర్లేదు. పదిమంది అడిగాక పదకొండో వాడికి బ్రోచర్‌లోనే జవాబు ఉంటుంది.