అల్లం పండించడం మాకు నేర్పొద్దు, కొనడం మీరు నేర్చుకోండి



ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, "ఎకరంలో అల్లం, లక్షల్లో ఆదాయం" అని వీడియో. తెల్లచొక్కా ఆయన ఒకాయన దుంప చేత్తో పట్టుకుని నవ్వుతుంటాడు. మా ఊరి కుర్రాళ్లు అవే నాకు పంపి "అన్నా, నిజమేనా?" అని అడుగుతున్నారు. నిజమే తమ్ముళ్లూ, లక్షలు వస్తాయి. ఎవరికి వస్తాయన్నదే ఆ వీడియోలో ఉండదు.

పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల కొండల్లో అల్లం కొత్త పంట కాదు. పసుపు పక్కన అల్లం, అల్లం పక్కన చోడి, గట్టు మీద కంది. మా అవ్వకి ఏ ఆఫీసరూ చెప్పలేదు, వాలు చూసి మడి ఎత్తుగా కట్టాలని, నీళ్లు నిలిస్తే దుంప పోతుందని, నాటిన రోజే పచ్చి ఆకు కప్పాలని. ఇప్పుడు శిక్షణ తరగతులు పెట్టి అవే మనకి చెప్తున్నారు. చెప్పండి, వింటాం. టీ, బిస్కెట్లు కూడా బాగానే ఉంటున్నాయి. కానీ అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి మైకు ఆపేస్తారు.

అసలు సంగతి విత్తనం. అల్లానికి గింజ ఉండదు, దుంపే విత్తనం. ఎకరానికి 600 నుంచి 700 కిలోల దుంప కావాలి. చోడికైనా, కందికైనా ఇంత బరువు విత్తనం పోస్తామా? నాటేది ఏప్రిల్, మే నెలల్లో, తొలి వానలకి. అప్పుడు మన ఇళ్లలో ఏముంటుంది? కాఫీ డబ్బులు అయిపోయి ఉంటాయి, పెళ్లిళ్లు అయి ఉంటాయి. సరిగ్గా అప్పుడే షావుకారు బండి ఊళ్లోకి వస్తుంది.

నేను ఇంటర్ చదివే రోజుల్లో మా అయ్య ఒక వ్యాపారి దగ్గర రెండు బస్తాల విత్తనం తెచ్చాడు. కాగితం లేదు. మాట ఒక్కటే: తవ్వినప్పుడు విత్తనానికి రెట్టింపు దుంప ఇవ్వాలి, మిగిలిన పంటంతా ఆయనకే అమ్మాలి. ఎనిమిది నెలలు అమ్మ, అయ్య, చెల్లి కలుపు తీశారు, మూడుసార్లు ఆకు కప్పారు. జనవరిలో తవ్వి, కావిడి మోసుకుని సంతకి దిగాం. కాటా ఆయనదే, రేటు ఆయనదే. మట్టికి తరుగు, తేమకి తరుగు, బస్తాకి తరుగు. పక్క కాటా మీద ఇంకోసారి తూచుదామన్నాను. ఆయన నా వైపు చూడకుండా మా అయ్యతో అన్నాడు: "నీ కొడుకు బాగా చదువుకున్నాడు, వచ్చే ఏడు విత్తనం వాడినే ఇమ్మను." అయ్య నా చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. ఆ లాగడం నాకు ఇప్పటికీ గుర్తుంది. కోపం అయ్య మీద కాదు. వచ్చే ఏప్రిల్ ఆయనకి కనిపిస్తోంది, నాకు కనిపించలేదు.

దీన్ని కొందరు "ఆదివాసీలకి మార్కెటింగ్ తెలీదు" అంటారు. తెలీక కాదు బాబూ, పంట భూమిలో ఉండగానే అమ్ముడైపోయింది! తాకట్టులో ఉన్న దుంపకి బేరం ఏం ఆడాలి?

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. షెడ్యూల్డు ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారం మీద రెగ్యులేషన్ 1960లోనే వచ్చింది. లైసెన్సు లేకుండా అప్పు ఇవ్వకూడదు. 1996 పెసా చట్టం ఊరి సంతల నిర్వహణ, గిరిజనులకి ఇచ్చే అప్పుల మీద అదుపు, రెండూ గ్రామసభకి, పంచాయతీకి అప్పగించాలని రాసింది. మీ సంతలో ఈ ముక్క రాసిన బోర్డు ఎక్కడైనా చూశారా? నేనింతవరకు చూడలేదు. ఆశీలు వసూలు చేసే మనిషి మాత్రం తెల్లారకముందే ఉంటాడు.

ఇక జీసీసీ. 1956లో ఈ షావుకార్ల నుంచి మనల్ని కాపాడటానికే పెట్టిన సంస్థ. చింతపండు, తేనె అటవీ ఉత్పత్తులు కాబట్టి వాటికో దారి ఉంది. అల్లం అడవిది కాదు, సాగు పంట. దానికి మద్దతు ధర లేదు. కేంద్రానికి మార్కెట్ జోక్యం పథకం ఒకటుంది, ధర పడిపోయినప్పుడు రాష్ట్రం అడిగితే అల్లం లాంటి పంటలని కొనొచ్చు. రాష్ట్రం అడగాలి. రాష్ట్రాన్ని ఎవరు అడగాలి? మనమే. 2023లో పట్నంలో కిలో అల్లం 200 దాటినప్పుడు టీవీల్లో గగ్గోలు. ఆ ధర చూసి ఎక్కువ నాటినవాళ్లు తవ్వే నాటికి ధర దిగిపోయింది. ఎనిమిది నెలల పంటతో ఉన్న చిక్కే అది. నాటేది ఒక ధరని చూసి, అమ్మేది ఇంకో ధరకి. పడిపోయినప్పుడు ఏ టీవీ కూడా మన సంతకి రాలేదు.

ఇప్పుడు మన తప్పు కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఈ రాత అబద్ధమవుతుంది. దుంపకుళ్లు. ఆకు పసుపెక్కి, మొక్క పట్టుకుంటే చేతికి ఊడి వచ్చేస్తుంది. ఇంకోటి బ్యాక్టీరియా ఎండుతెగులు. కాండం కోసి గాజుగ్లాసు నీళ్లలో పెడితే పాలలాంటి ధార కారుతుంది. వస్తే ఏ మందూ నిలబడదు, ఆ నేలలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అవ్వ కాలంలో ఒక చోట అల్లం తీస్తే మళ్లీ అక్కడికి కొన్నేళ్ల దాకా వచ్చేవారు కాదు. మనం ఆశకొద్దీ అదే మడిలో వరసగా వేస్తున్నాం. పైగా ఈ తెగుళ్లు విత్తన దుంపతోనే వస్తాయి. ఏ ఊరి చేనుదో తెలియని దుంప షావుకారు దగ్గర తెచ్చామంటే అప్పు, తెగులు రెండూ ఒకే బస్తాలో ఇంటికొచ్చినట్టే. మనకి కూతవేటులో, ఒడిశా పొట్టంగిలో సుప్రభ, సురుచి, సురవి రకాలు తయారుచేశారు. చింతపల్లిలోనే వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ఐటీడీఏ నిజంగా మేలు చెయ్యాలనుకుంటే శుభ్రమైన విత్తనం ఏప్రిల్‌లో ఊరికి చేర్చాలి. జూలైలో ఫొటో దిగడానికి కాదు.

ఇంకో మాట, కొంచెం భయంతోనే రాస్తున్నాను. కేరళ వయనాడు రైతులు కర్ణాటక వెళ్లి భూములు కౌలుకి తీసుకుని అల్లం వేస్తారు. ఒకే నేలలో మళ్లీ మళ్లీ పండదు కాబట్టి ఏటా కొత్త నేల వెతుక్కుంటూ పోతారు. పోయేవాళ్లు పోతారు, మందులు తాగిన నేల, తెగులు ఉన్న నేల సొంతదారుకి మిగులుతుంది. మన కొండలకి ఆ బేరం వస్తే "ఒక్క ఏడాదే కదా" అని వేలిముద్ర వెయ్యకండి. 1/70 ప్రకారం గిరిజనేతరుడికి కౌలుకి ఇవ్వడం కూడా భూమి బదలాయింపే, చెల్లదు. మన పేరు మీద ఇంకొకరు చేసే సాగు కూడా ఆ దారే.

మా ఊళ్లో ఈసారి పదకొండు ఇళ్లవాళ్లం కూర్చుని ఒకటి అనుకున్నాం. తవ్విన పంటలో తెగులు లేని చేను చూసి విత్తనం వేరు తీశాం. గొయ్యి తవ్వి, అడుగున ఇసుక పోసి, దుంపలు పేర్చి, గాలి ఆడేలా చెక్కలు, ఆకులు కప్పాం. వచ్చే గ్రామసభలో సంత కాటా గురించి తీర్మానం రాయిస్తాం, నకలు మీద ముద్ర వేసి ఇమ్మని పట్టుబడతాం. మీ ఊళ్లో కూడా పెట్టండి.

మొన్న షావుకారు బండి వచ్చింది. "ఏం, ఈ ఏడు విత్తనం అక్కర్లేదా?" అని అడిగాడు. అయ్య గొయ్యి మీద ఆకు సర్దుతూ "ఇంకా నెల ఉంది కదా, చూద్దాం" అన్నాడు. ఆయన వెళ్లాక గొయ్యి దగ్గర కుక్కని కట్టేశాడు.